సిస్టర్‌ని అడగండి: కండ ముక్క తీస్తామంటే భయపడాలా?



ఈసారి ప్రశ్న షార్జా నించి ఒక చెల్లి పంపింది. వాళ్ళాయనకి 34 ఏళ్ళు. ఏడాదిగా మెట్లెక్కడం కష్టంగా ఉంది. కింద కూర్చుంటే చెయ్యి ఊని లేవాల్సి వస్తోంది. బ్లడ్ టెస్ట్‌లో సీపీకే అనేది 6,000 దాటింది. డాక్టర్ "తొడ కండలోంచి చిన్న ముక్క తీసి చూద్దాం" అన్నారట. ఆ మాట ఊళ్ళో అత్తయ్యగారికి చెప్పగానే "బయాప్సీనా? క్యాన్సరా?" అని ఒకటే ఏడుపు. మరిదేమో "అక్కడ కోయించుకోవద్దు, టికెట్ తీసుకుని హైదరాబాద్ వచ్చెయ్యండి" అంటున్నాడు. ఆయనేమో "అసలేమీ వద్దు, డోలో వేసుకుంటా" అని పనికి వెళ్ళిపోతున్నారు. "ముగ్గురూ మూడు మాటలు. నేనేం చెయ్యాలి సిస్టర్?" అని అడిగింది.

ఇలాంటి ప్రశ్నకి "డాక్టర్ చెప్పినట్టు చెయ్యమ్మా" అని ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. కానీ అసలు ఈ పరీక్ష ఏంటో, ఎందుకో తెలిస్తే డాక్టర్ ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం అడగాలో మీకే తెలుస్తుంది. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నా.

బయాప్సీ అంటే క్యాన్సర్ అని కాదు

ముందు అత్తయ్యగారి భయం సంగతి చూద్దాం. బయాప్సీ అంటే ఒంట్లోంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూడటం, అంతే. గడ్డలోంచి తీస్తే అందులో క్యాన్సర్ ఉందా అని చూస్తారు. నీరసించిన కండలోంచి తీస్తే ఆ కండ ఎందుకు బలం పోగొట్టుకుంటోందో చూస్తారు. ఇవి రెండూ వేరు. ఊళ్ళో వాళ్ళకి ఫోన్‌లో చెప్పేటప్పుడు "బయాప్సీ" అనే మాట వదిలేసి "కండ పరీక్ష" అనండి. సగం ఏడుపు అక్కడే ఆగుతుంది.

ముక్క దాకా వెళ్ళే ముందు

ఒళ్ళు నొప్పులన్న ప్రతివాళ్ళకీ ఈ పరీక్ష అక్కర్లేదు. మనలో చాలామందికి తొడలు లాగడం, మెట్లెక్కితే ఆయాసపడటం, కింద నించి లేవలేకపోవడం విటమిన్ డి తక్కువై వస్తుంది. ఇంత ఎండ ఉన్న దేశంలో డి తక్కువేంటి అనుకోకండి. ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులోకి, అందులోంచి ఏసీ మాల్‌లోకి వెళ్ళే మనకి ఎండ తగిలేదెప్పుడు? గల్ఫ్ దేశాల్లో ఆడవాళ్ళకి డి లోపం చాలా మామూలు. థైరాయిడ్ తగ్గినా కండలు నీరసిస్తాయి. కొలెస్ట్రాల్‌కి వేసుకునే స్టాటిన్ మాత్రలు కొందరికి పడవు. ఇవన్నీ రక్తపరీక్షలోనో, మందుల చీటీలోనో తేలిపోయే విషయాలు. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడే మందులన్నీ ఒక కవర్లో వేసుకెళ్ళండి. ఊరి నించి తెచ్చుకున్న ఆయుర్వేదం చూర్ణాలు, జిమ్ పౌడర్లు కూడా.

ఇక సీపీకే. దీన్నే ఇక్కడ రిపోర్టుల్లో సీకే అని కూడా రాస్తారు. అది కండ లోపల ఉండాల్సిన పదార్థం. కండ దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది. మామూలుగా ఇది ఒకటి రెండు వందల్లో ఉంటుంది. కొత్తగా జిమ్‌లో చేరి గట్టిగా బరువులెత్తినవాడికి కూడా కొన్నిరోజులు వేలల్లోకి పోవచ్చు. అందుకని వారం పది రోజులు రెస్ట్ ఇచ్చి మళ్ళీ చూస్తారు. అప్పుడూ వేలల్లోనే ఉంటే, పైగా బలం తగ్గుతుంటే, అది పట్టించుకోవాల్సిన సంగతే.

ఇక్కడ తల్లులకి ఒక మాట. పిల్లాడి రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ ఎక్కువొస్తే అందరూ లివర్ అనుకుంటారు. పసరు మందులు, పథ్యాలు మొదలుపెడతారు. ఆ రెండూ లివర్‌లోనే కాదు, కండలోనూ ఉంటాయి. పిల్లాడు ఆలస్యంగా నడిచాడు, తరచూ పడిపోతాడు, పిక్కలు వయసుకి మించి లావుగా గట్టిగా ఉన్నాయి, నేల మీంచి లేచేటప్పుడు తన మోకాళ్ళ మీద, తొడల మీద చేతులు వేసుకుని పాకినట్టు లేస్తాడు అనుకోండి. "డాక్టర్, ఒకసారి సీపీకే చూస్తారా?" అని అడగండి. చిన్న పరీక్ష. ఆ ఒక్క ప్రశ్న ఏళ్ళ తిరుగుడు తప్పించొచ్చు.

ఎండలో పనిచేసే మన అన్నదమ్ముల కోసం ఇంకో మాట. ఇక్కడ జూన్ 15 నించి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నించి 3 వరకు బయట పని ఆపాలన్న రూల్ ఉంది. అయినా వేడికి, చాకిరీకి కండలు కరిగి మూత్రం కోలా రంగులోకి వస్తే అది ఎమర్జెన్సీ. కిడ్నీలు దెబ్బతింటాయి. అప్పుడు బయాప్సీ గురించి ఆలోచించే టైం కాదు, వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాలి. అయితే మళ్ళీ మళ్ళీ అలా జరుగుతుంటే మాత్రం, కోలుకున్నాక, కండ లోపల ఏదైనా పుట్టుకతో వచ్చిన లోపం ఉందా అని చూస్తారు.

ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

ఒకప్పుడు కండ జబ్బు అనుమానం వస్తే ముక్క తీయడమే దారి. ఇప్పుడు జీన్ టెస్ట్ వచ్చింది. డుషేన్ అనే జబ్బు మగపిల్లలకి వస్తుంది. ఇందాక చెప్పిన లావు పిక్కల పిల్లాడికి అనుమానించేది దాన్నే. దానికి ముందు రక్తంతో జీన్ టెస్ట్ చేస్తారు. చాలామంది పిల్లల్లో అక్కడే జవాబు దొరుకుతుంది, ముక్క తీయక్కర్లేదు. జీన్‌లో ఏమీ దొరకనప్పుడు, దొరికినా అర్థం తేలనప్పుడు కండ వైపు వెళ్తారు.

పెద్దవాళ్ళ సంగతి వేరు. షార్జా చెల్లి వాళ్ళాయన లాంటి వాళ్ళలో రెండు దారులుంటాయి. ఒకటి, ఒంట్లోని రక్షణ వ్యవస్థ తన కండ మీదే తిరగబడటం. దీనికి మందులున్నాయి. స్టెరాయిడ్లు, ఇంకా కొన్ని మందులు టైంకి మొదలుపెడితే చాలామంది కోలుకుంటారు. రెండు, పుట్టుకతో ఉన్న లోపం ఇరవైల్లోనో ముప్ఫైల్లోనో బయటపడటం. దీనికి స్టెరాయిడ్లు పనిచెయ్యకపోగా ఒళ్ళు ఊరడం, షుగర్ రావడం, ఎముకలు పలచబడటం అదనం.

చిక్కేంటంటే ఈ రెండూ బయటికి ఒకేలా ఉంటాయి. డిస్‌ఫర్లిన్ అనే ప్రొటీన్ లోపం ఉన్నవాళ్ళకి కండలో వాపు కణాలు కూడా కనిపిస్తాయి. పైపైన చూస్తే "వాపు జబ్బు" అనిపిస్తుంది. అలా పొరపాటుపడి ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు మింగినవాళ్ళున్నారని డాక్టర్ల పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. ముక్కలో ఆ ప్రొటీన్ ఉందా లేదా అని ప్రత్యేకంగా రంగు వేసి చూస్తే తెలుస్తుంది. అలాగే యాభై దాటినవాళ్ళలో తొడల ముందు కండలు, చేతి వేళ్ళ పట్టు సన్నగా తగ్గిపోయే ఇంకో జబ్బు ఉంది. అది కూడా స్టెరాయిడ్లకి లొంగదు. దాన్ని గుర్తించడానికి కూడా ఈ ముక్క బాగా పనికొస్తుంది.

మైటోకాండ్రియా జబ్బుల్లో మరో విచిత్రం. కొన్నిసార్లు రక్తంలో జీన్ మార్పు దొరకదు, కండలో దొరుకుతుంది. రక్తకణాలు పాతవి పోయి కొత్తవి వస్తుంటాయి, కండ కణాలు అలా కాదు. రక్తం మర్చిపోయినది కండ గుర్తుపెట్టుకుంటుంది.

కంటి రెప్పలు ఊదారంగు తిరిగి, వేళ్ళ కణుపుల మీద ఎర్రటి మచ్చలు వచ్చి, దాంతోపాటు భుజాలు, తొడలు నీరసిస్తే ఆలస్యం చెయ్యకండి. అది డెర్మటోమయోసైటిస్ కావచ్చు. ఈ రోజుల్లో చర్మం, రక్తంలో యాంటీబాడీలు చూసే చాలావరకు చెప్పేస్తారు. సందేహం ఉంటే ముక్క తీస్తారు.

ఎలా తీస్తారు?

మూడు పద్ధతులు.

మొదటిది ఓపెన్ బయాప్సీ. చర్మం మీద రెండు నించి నాలుగు సెంటీమీటర్ల కోత పెట్టి, కంటితో చూస్తూ, చిక్కుడు గింజంత ముక్క తీస్తారు. ముక్క పెద్దది, పరీక్షలన్నిటికీ సరిపోతుంది. కుట్లు పడతాయి, మచ్చ మిగులుతుంది.

రెండోది సూది బయాప్సీ. సూది అన్నానని ఇంజెక్షన్ సూది అనుకోకండి. దాదాపు పెన్సిల్ రీఫిల్ కంటే లావుగా, అయిదు మిల్లీమీటర్ల గొట్టం. దానికి పక్కన చిన్న కిటికీ ఉంటుంది. కండ ఆ కిటికీలోకి దూరగానే లోపలి కత్తి కోసేస్తుంది. కోత చిన్నదే. ముక్క చిన్నది కాబట్టి రెండు మూడుసార్లు తీస్తారు.

మూడోది కాంకోటోమ్ అనే పట్టకారుతో. ఇది ముక్కు ఆపరేషన్లలో వాడే పరికరం. చిన్న కోతలోంచి దూర్చి మొసలి నోటితో కరిచినట్టు ముక్క పట్టి తీస్తుంది. మొదటి రెంటికీ మధ్యస్తం.

ఎక్కువగా తొడ బయటివైపు, లేదా భుజం కండ, లేదా మోచేతి పై కండ ఎంచుకుంటారు. మరీ ఎండిపోయిన కండలో తీస్తే కొవ్వు, పీచు తప్ప ఏమీ కనిపించదు. బాగున్న కండలో తీస్తే జబ్బు కనిపించదు. అందుకే కొంచెం నీరసించిన కండ కావాలి. ఎక్కడ తీయాలో తెలుసుకోడానికి ముందు ఎంఆర్ఐ తీయొచ్చు. ఈఎంజీ సూదులు గుచ్చిన చోట, ఇంజెక్షన్లు పొడిచిన చోట తీయకూడదు. సూది గాయమే జబ్బులా కనిపించి తప్పుదారి పట్టిస్తుంది. ఈఎంజీ ఏ వైపు చేశారో గుర్తుపెట్టుకుని చెప్పండి.

చాలావరకు ఆ చోట మాత్రమే మత్తు ఇస్తారు. అరగంట నించి గంట పని. కండ లాగినప్పుడు ఒక్క క్షణం తిమ్మిరిలా, పట్టేసినట్టు అనిపిస్తుంది. ఆ సాయంత్రమే ఇంటికి రావొచ్చు. రెండు మూడు రోజులు తొడ మీద ఎవరో తన్నినట్టు నొప్పి. బరువు పనులు ఆపాలి. కుట్లుంటే దాదాపు పది రోజులు జాగ్రత్త. రక్తం కారడం, చీము పట్టడం, ఆ చోట కొంచెం మొద్దుబారడం అరుదుగా జరుగుతాయి. రక్తం పలచబడే మందులు, ఎకోస్ప్రిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పాలి. మీ అంతట మీరు ఆపెయ్యకూడదు.

పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే మాత్రం ఇది తప్పకుండా చెప్పండి: "ఇంట్లో కండ జబ్బు ఉంది". కొన్ని కండ జబ్బులున్నవాళ్ళకి సక్సినైల్‌కోలిన్ అనే మందు, కొన్ని మత్తు వాయువులు ప్రమాదం. ఇందులో మన తెలుగువాళ్ళ ఇంటి సంగతి ఒకటుంది. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి ఆ సక్సినైల్‌కోలిన్‌ని అరిగించే ఎంజైమ్ పుట్టుకతో తక్కువ. ఆపరేషన్ అయిపోయినా చాలాసేపు కండలు కదలవు, ఊపిరి తీసుకోలేరు, మెషిన్ మీద ఉంచాలి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధనలో, 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో, దీని గురించి రాశారు. ఇది కండ జబ్బు కాదు, మామూలు రోజుల్లో ఏ బాధా ఉండదు. కానీ దుబాయ్‌లోని మత్తు డాక్టర్‌కి మన కుటుంబాల సంగతి ఎలా తెలుస్తుంది? మనమే చెప్పాలి.

ముక్క తీశాక మొదలవుతుంది అసలు పని

అక్కలూ, ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. ముక్క తీయడం చాలామంది సర్జన్లకి వచ్చు. దాన్ని చదవడం కొద్దిమందికే వచ్చు.

మామూలు బయాప్సీలన్నీ ఫార్మలిన్ డబ్బాలో వేస్తారు. కండ ముక్క మొత్తాన్నీ అలా వేసేస్తే చాలా పరీక్షలకి పనికిరాకుండా పోతుంది, ఎందుకంటే ఎంజైములు చచ్చిపోతాయి. దాన్ని సెలైన్‌తో తడిపి పిండిన గాజ్‌లో చుట్టి, చల్లగా పెట్టి, వీలైనంత త్వరగా ల్యాబ్‌కి చేర్చాలి. సెలైన్‌లో ముంచి ఉంచకూడదు, నేరుగా ఐస్ తగలకూడదు. ల్యాబ్‌లో లిక్విడ్ నైట్రోజన్‌తో చల్లబరిచిన ఐసోపెంటేన్‌లో ముంచి క్షణాల్లో గడ్డకట్టిస్తారు. నెమ్మదిగా గడ్డకడితే లోపల మంచు పలుకులు ఏర్పడి కండంతా తూట్లు పడుతుంది. డీప్ ఫ్రీజర్లో పెట్టిన టమాటా బయటికి తీశాక ఎలా మెత్తబడుతుందో, అలాగన్నమాట.

ఆ తర్వాత పలచటి పొరలుగా కోసి పది పన్నెండు రకాల రంగులు వేస్తారు. ఒక రంగు వాపు చూపిస్తుంది. ఒకటి మైటోకాండ్రియా గుమిగూడి ఎర్రటి చిరుగు అంచుల్లా కనిపించే చోట్లు చూపిస్తుంది. ఇంకోటి కొవ్వు, మరోటి గ్లైకోజెన్ పేరుకుపోయిందా అని చెబుతుంది. మన కండలో రెండు రకాల దారాలుంటాయి, నిదానంగా ఎక్కువసేపు పనిచేసేవి, గబగబా పనిచేసి అలిసిపోయేవి. బాగున్న కండలో అవి పెసలూ మినుములూ కలిసిపోయిన డబ్బాలా కలగలిసి ఉంటాయి. జబ్బు కండది కాకుండా దానికి వచ్చే నరానిది అయితే, పెసలన్నీ ఒక పక్క, మినుములన్నీ ఒక పక్క చేరినట్టు గుంపులు కడతాయి. ఒక్క చూపుతో "ఇది నరం సంగతి" అని తెలిసిపోతుంది. రక్తపరీక్ష ఇంత చెప్పలేదు.

ఇక ప్రొటీన్ల రంగులు. డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ ఒక్కో కండ దారం చుట్టూ గీత గీసినట్టు కనిపించాలి. డుషేన్ పిల్లాడి ముక్కలో ఆ గీత ఉండదు. ఇవన్నీ చూసి రిపోర్ట్ రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఆలస్యమైందని గాభరా పడకండి.

ఈ సూది ఎక్కడిది?

డుషేన్ అనేది ఒక ఫ్రెంచ్ డాక్టర్ పేరు. 1860ల్లో ఆయన ఈ పిల్లల జబ్బు గురించి వివరంగా రాశారు. అప్పట్లో కండ చూడాలంటే మనిషి చనిపోయాక చూడటమే. బతికున్న పిల్లల నించే చిన్న ముక్క తీయడానికి ఆయన ఒక సూది తయారుచేసుకున్నారు. ఇప్పుడున్న లోకల్ మత్తు మందులు అప్పటికి రాలేదు. ఆ పిల్లలు, ఆ తల్లులు ఓర్చుకున్నారు కాబట్టే జబ్బుకి పేరొచ్చింది.

తర్వాత ఆ పద్ధతి దాదాపు మరుగునపడింది. 1962లో స్వీడన్ డాక్టర్ యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్ మళ్ళీ సూదిని తెచ్చారు. ఇప్పుడు వాడే సూదికి ఆయన పేరే. 1966లో ఆయన, సహచరుడు ఎరిక్ హల్ట్‌మాన్ తమ మీదే ప్రయోగం చేసుకున్నారు. ఇద్దరూ ఒకే సైకిల్‌కి చెరో వైపు, ఒక్కొక్కరు ఒక్కో కాలితోనే అలిసిపోయేదాకా తొక్కారు. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు తిని, రెండు కాళ్ళ నించీ ముక్కలు తీసుకున్నారు. తొక్కిన కాలిలో గ్లైకోజెన్ తొక్కని కాలి కంటే దాదాపు రెట్టింపు చేరింది. పరుగు పందెం ముందు అన్నం, పాస్తా ఎక్కువ తినమని చెప్పే సలహాకి మూలం ఆ రెండు కాళ్ళే.

అంతరిక్షంలో కూడా ఇదే పరీక్ష. మన యూఏఈ వ్యోమగామి సుల్తాన్ అల్ నెయాది 2023లో ఆరు నెలలు అంతరిక్ష కేంద్రంలో ఉన్నారు కదా. అంతకు చాలా ముందే, అలా ఆరేసి నెలలు ఉండి వచ్చిన వ్యోమగాముల పిక్క కండల నించి ముక్కలు తీసి, బరువు మోయని కాలు ఎంత చిక్కిపోతుందో కొలిచారు. మంచం పట్టిన మన పెద్దవాళ్ళని రోజూ కాస్త నిలబెట్టి నడిపించమని నర్సులం పోరుపెట్టేది అందుకే.

మందుల పరిశోధనలో దీని బరువు ఇంకా ఎక్కువ. 2016లో అమెరికాలో డుషేన్‌కి ఎటెప్లిర్సెన్ అనే మందుకి అనుమతి వచ్చింది. ఆధారం ఏంటంటే, మందు తీసుకున్న పిల్లల కండ ముక్కల్లో డిస్ట్రోఫిన్ కొంచెం పెరగడం. ఆ కొంచెం సరిపోతుందా అని డాక్టర్ల మధ్య పెద్ద వాదన జరిగింది. ఆ పిల్లలు మందు కోసం ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ ముక్కలిచ్చారు. అందుకే "రీసెర్చ్‌కి వాడుకోవచ్చా?" అని ఫారం ఇస్తే చదివి సంతకం పెట్టండి. మీ వైద్యం కోసం తీసే ముక్క వేరు, రీసెర్చ్ కోసం అదనంగా తీసేది వేరు. రెండోదానికి వద్దు అంటే మీ వైద్యం ఆగకూడదు. ఇష్టపడి ఇస్తే అది మంచి దానమే.

మేనరికం, తల్లి మీద నింద

జబ్బుకి పేరు తేలితే ఇంటి మిగతావాళ్ళకీ సంగతి తెలుస్తుంది. మేనమామనో, మేనబావనో చేసుకున్న ఇళ్ళు మనలో ఎన్నో. భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. డిస్‌ఫర్లిన్ లాంటివి ఈ రకం. ఇక్కడ యూఏఈలో కూడా దగ్గర సంబంధాలు ఎక్కువ కాబట్టే 2025 జనవరి నించి పెళ్ళికి ముందు జీన్ పరీక్షని ఎమిరాతీలకి తప్పనిసరి చేశారు.

డుషేన్ మాత్రం మేనరికం వల్ల వచ్చేది కాదు. అది తల్లి వైపు నించి కొడుకులకి రావొచ్చు. మూడోవంతు పిల్లల్లో అయితే తల్లిలో కూడా లేకుండా కొత్తగా పుడుతుంది. తల్లి తిన్నదాని వల్లో, గ్రహణం చూడటం వల్లో వచ్చేది కానే కాదు. తల్లికి తెలియకుండా జీన్‌లో ఉన్నదానికి ఆమెని అనడం ఏం న్యాయం? ఊళ్ళో ఇది చదివే అత్తయ్యలు దయచేసి ఈ పేరా ఇంకోసారి చదవండి.

ఇక్కడా, అక్కడా?

షార్జా చెల్లికి నా మాట ఇది. ఊరు ముఖ్యం కాదు, చదివేవాళ్ళు ముఖ్యం. దుబాయ్‌లో, అబుదాబిలో న్యూరాలజీ బాగా ఉన్న పెద్ద హాస్పిటల్స్ ఉన్నాయి. అక్కడ ముక్కని ఎక్కడ గడ్డకట్టిస్తారో, ఎవరు చూస్తారో అడగండి. గట్టి జవాబు వస్తే ఇక్కడే చేయించుకోవచ్చు. రాకపోతే హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌లో న్యూరాలజీ, పాథాలజీ విభాగాలు ఎప్పటి నించో కండ, నరాల బయాప్సీలు చూస్తున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్ కూడా ఈ పనికి పేరున్న చోటు. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ హైదరాబాద్‌లోనే ఉండి జీన్ పరీక్షల్లో సాయపడతాయి.

ఒక చోట కోయించుకుని ఇంకో చోట చదివిద్దాం అనుకుంటే కష్టం. గడ్డకట్టించిన ముక్క డ్రై ఐస్‌లో పోవాలి, అది హ్యాండ్ బ్యాగులో వేసుకుని విమానం ఎక్కే వస్తువు కాదు. గాజు స్లైడ్లు, మైనపు బ్లాకులు మాత్రం అడిగి తీసుకోవచ్చు, ఇంకో డాక్టర్‌కి చూపించొచ్చు.

ఇన్సూరెన్స్ సంగతి. 2025 జనవరి 1 నించి షార్జా, అజ్మాన్ వైపు ఎమిరేట్స్‌లో కూడా ఉద్యోగులకి కంపెనీ ఇన్సూరెన్స్ తప్పనిసరి అయింది. అయినా బయాప్సీకి ముందు అప్రూవల్ కావాలి. జీన్ టెస్ట్ కవర్ అవుతుందా లేదా అన్నది పాలసీని బట్టి. డాక్టర్ రాసే చీటీలో "బలం తగ్గుతోంది, సీపీకే ఎక్కువ" అని కారణం స్పష్టంగా ఉండేలా చూసుకోండి. ప్రొబేషన్ అయిన ఉద్యోగికి ఏడాదికి 90 రోజుల దాకా సిక్ లీవ్ చట్టంలో ఉంది: మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం, మిగతాది జీతం లేకుండా. ఇండియా వెళ్తే ఆరు నెలలు దాటకుండా తిరిగి రండి, వీసా చిక్కుల్లో పడుతుంది. అక్కడి డాక్టర్ నొప్పికి ట్రమడాల్, ప్రెగాబలిన్ లాంటివి రాస్తే అనుమతి లేకుండా సూట్‌కేసులో వేసుకు రాకండి. ఇక్కడ అవి కంట్రోల్డ్ మందులు.

ఇంకో ఉపయోగం. ఇండియాలో 2021 అరుదైన జబ్బుల పాలసీ కింద లిస్టులో ఉన్న జబ్బులకి ఆర్థిక సాయం ఉంది. దానికి పేరున్న, రుజువైన జబ్బు కావాలి. "ఏదో కండ నీరసం" అంటే ఎవరూ ఫారం తీసుకోరు.

వాళ్ళాయన చెప్పే డోలో సంగతి మాత్రం వద్దు. నొప్పి తగ్గినా బలం తిరిగి రాదు. వాపు జబ్బే అయితే పోయిన ప్రతి నెలా తిరిగి రాని కండ.

స్క్రీన్‌షాట్ తీసుకోండి: డాక్టర్‌ని అడగాల్సినవి

1. జీన్ టెస్ట్ ముందు చేస్తే ముక్క తప్పుతుందా?
2. ఏ కండలో తీస్తారు, ఎందుకు అక్కడే? ఈఎంజీ చేసిన వైపు కాదు కదా?
3. ఓపెనా, సూదా? కుట్లు ఎన్ని?
4. ముక్కని ఎక్కడ గడ్డకట్టిస్తారు? ఎంతసేపట్లో ల్యాబ్‌కి చేరుతుంది?
5. కండ బయాప్సీలు రోజూ చూసే పాథాలజిస్ట్ ఉన్నారా? ప్రొటీన్ రంగులు చేస్తారా?
6. స్టెరాయిడ్ ముక్క తీశాక మొదలుపెట్టొచ్చా, ముందే అవసరమా?
7. మిగిలిన ముక్క ఎన్నాళ్ళు దాస్తారు? స్లైడ్లు, బ్లాకులు మాకు ఇస్తారా?

ఆరో ప్రశ్న చిన్నది కాదు. ముందే స్టెరాయిడ్ పడితే ముక్కలో వాపు తగ్గి జబ్బు దాక్కోవచ్చు. అయితే మింగడం, ఊపిరి కష్టమైతే డాక్టర్ ఆగరు, ఆగకూడదు కూడా.

ఇవి అడిగితే డాక్టర్లు కోప్పడతారేమో అని జంకకండి. మంచి డాక్టర్‌కి ఇవి ఇష్టమైన ప్రశ్నలు. ఇంగ్లీష్‌లో అడగడం ఇబ్బందైతే గ్రూపులో మెసేజ్ పెట్టండి, ఇంగ్లీష్‌లో రాసిస్తాం. వార్డుల్లో పనిచేసే మన తెలుగు సిస్టర్లు ప్రతి ఎమిరేట్‌లోనూ ఒకరైనా ఉన్నారు.

వచ్చే నెల విటమిన్ డి గురించే పూర్తిగా రాస్తా: ఎన్ని యూనిట్లు, ఎన్నాళ్ళు, ఎక్కువైతే ఏమవుతుంది అని. మీ రిపోర్టులో డి ఎంత వచ్చిందో, ఏం వాడుతున్నారో వాయిస్ మెసేజ్‌లో చెప్పండి. పేర్లు ఎప్పట్లాగే రాయను.

ఉంటాను మరి, డ్యూటీకి టైమైంది.